తడిసిన కార్డులకు బీమా పరిహారము
(మన సంఘపు నెలసరి సమావేశమున చేసిన ప్రసంగము)



ఈ మాసపు ప్రసంగమునకు విషయమేమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, "తడిసిన కార్డులకు బీమా పరిహారము" అని చెప్పితిమి. వారు రేషను కార్డులనుకొనిరి. కావనగా ఆధారు కార్డులనుకొనిరి. అవియు కావు, పిల్లలును యువకులును కూడబెట్టుకొను బొమ్మల కార్డులని చెప్పినప్పుడు కొంతసేపు మా మొగము చూచి, "సరే, మీ ఇష్టము" అనిరి. ఇచట కూర్చున్న పెద్దలలో అనేకుల మనస్సున కూడ ఆ మాటయే ఉండునని ఎరుగుదుము. 2015 డిసెంబరు వరకు మా అభిప్రాయము సైతము అంతకు భిన్నము కాదు. అది మారిన విధమును, మారుటకు మేము చెల్లించిన వెలను చెప్పుటకే నేడు లేచి నిలిచితిమి.

మా తమ్ముడు 2006లో పై చదువునకై అమెరికా వెళ్ళి, న్యూజెర్సీ రాష్ట్రమున ఎనిమిదేండ్లు ఉండి, 2014లో తిరిగి వచ్చెను. వచ్చునప్పుడు అందరివలెనే చాక్లెట్లు, సబ్బులు, చేతి గడియారములు తెచ్చెను. వానితోబాటు తెల్లని అట్టపెట్టెలు నాలుగు తెచ్చెను. వానిలో 1,400కు పైగా కార్డులు. కొన్ని అచ్చటి బేస్‌బాల్ ఆటగాండ్రవి, తక్కినవన్నియు పోకెమాన్ అను జపాను బొమ్మలవి. గట్టి ప్లాస్టిక్ పలకలలో మూసి, పైన అంకెలు వేసిన పదునొకండు కార్డులు వేరొక డబ్బాలో నుండెను. వానికి బెంగుళూరులో ఉద్యోగము దొరకినందున, సైదాపేటలోని మా యింట క్రింది గదిలో మంచము క్రింద ఆ పెట్టెలు పెట్టి, "అన్నయ్యా, వీటికి తేమ తగలనీయకండి" అని ఒక్కమాట చెప్పి పోయెను. మేము తల ఊపితిమి. లోపల మాత్రము, ఎనిమిదేండ్లు కష్టపడి వీడు కూర్చుకొన్నది అట్టముక్కలా యని నవ్వుకొంటిమి.

నవ్వుకొనుటకు మాకు అధికారము లేదు. మా చిన్ననాడు మేమును అగ్గిపెట్టెల మీది బొమ్మలు నీటిలో నానబెట్టి ఊడదీసి, పాత లెక్కల పుస్తకమున అంటించుకొన్నవారమే. బబుల్‌గమ్ కాగితములో చుట్టి వచ్చెడి క్రికెట్ ఆటగాండ్ర బొమ్మలకొరకు ఎన్ని బిళ్ళలు నమలితిమో మా దంతములకు తెలియును. దేశము వేరైనను బుద్ధి ఒకటియే. అమెరికాలో ఈ కార్డులు మొదట సిగరెట్టు పెట్టెలలో వచ్చినవి. పెట్టె నలుగకుండుటకు లోపల పెట్టు అట్టముక్కపై బొమ్మ వేసినచో అమ్మకము పెరుగునని 19వ శతాబ్దపు చివరిభాగమున కంపెనీలవారు కనుగొనిరి. 1909 మొదలు 1911 వరకు వెలువడిన ఒక వరుసలో హోనస్ వాగ్నర్ అను ఆటగాని కార్డు కలదు. అది 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకు చేతులు మారినది.

తరువాత వంతు బబుల్‌గమ్ కంపెనీలది. 1952లో టాప్స్ కంపెనీవారు వేసిన బేస్‌బాల్ కార్డులు కొన్ని అమ్ముడుపోక గిడ్డంగిలో నిలిచిపోయినవి. వానిని 1960 ప్రాంతమున పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రములో పారవేయించితినని ఆ కంపెనీ ఉద్యోగియైన సై బెర్గర్ తానే చెప్పియుండెను. ఆ వరుసలోనిదే మికీ మాంటిల్ కార్డు. సముద్రము పాలుగాక మిగిలిన వానిలో మంచి స్థితియందున్న ఒకటి 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడయ్యెను. పోకెమాన్ కార్డులు 1996లో జపానులోను, 1999లో అమెరికాలోను మొదలైనవి. వానిలో తొలి ముద్రణకు చెందినవి నేడు పెద్ద ధర పలుకుచున్నవి. ప్రతి కార్డు బంగారమని మేము చెప్పుట లేదు. నూటికి తొంబదికి పైగా అట్టముక్కలే. తక్కిన కొద్దిపాటి కార్డుల విషయముననే చిక్కంతయు.

ఇక వరద మాట. 2015 డిసెంబరు 1వ తేదీ సంగతి ఈ ఊరివారికి మేము చెప్పవలసినది లేదు. చెంబరంబాక్కము జలాశయమునుండి సెకనుకు 29,000 ఘనపుటడుగుల వరకు నీరు విడువబడెను. అడయారు నిండెను. అర్ధరాత్రి మా గుమ్మము దాటిన నీరు తెల్లవారునప్పటికి మంచముల ఎత్తు దాటెను. మేము మేడ మీద ఉంటిమి. అమ్మగారి మందులు, దేవుని పటములు, దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు పైకి చేర్చితిమి. అట్టపెట్టెల మాట ఒక్కరికైనను తోచలేదు.

4వ తేదీకి నీరు తీసెను. క్రింది గదిలో మోకాలి లోతు బురద. పెట్టెలు నాని విచ్చిపోయి, కార్డులు ఇటుకలవలె ఒకదానికొకటి అంటుకొని, పైన నల్లని ఒండ్రు పట్టి యుండెను. దుర్వాసన భరింపరాకుండెను. ఇంట ముసలివారు, పసివారు ఉండిరి. కార్పొరేషను లారీ వీధి మొగలో నిలిచియుండగా పరుపులతో, తలగడలతో, తడిసిన బియ్యపు మూటలతో కలిపి ఆ నాలుగు పెట్టెలను మా చేతులతోనే ఎత్తి అందులో పడవేసితిమి. ప్లాస్టిక్ పలకలలోని పదునొకండు మాత్రము డబ్బాతో సహా అటకపై పెట్టితిమి. వాని విలువ ఎరిగి కాదు. డబ్బా గట్టిగా ఉన్నది, వంటింటికి పనికివచ్చునని.

6వ తేదీన తమ్ముడు వచ్చెను. అమ్మగారిని పలుకరించి, గోడల మీది నీటి గీత చూచి, క్రింది గదిలోనికి పోయి మంచము క్రింద వంగి చూచెను. "పెట్టెలేవి అన్నయ్యా?" అని అడిగెను. చెప్పితిమి. కొంతసేపు ఊరకుండి, "ఏ లారీలో వెళ్ళాయి?" అనెను. అంతకంటె ఒక్కమాట అనలేదు. వాడు కోపించియుండినచో మాకు కొంత సుఖముగా నుండెడిది.

బీమా కంపెనీ పంపిన సర్వేయరు 9వ తేదీన వచ్చెను. మన వ్యాపారస్థులలో అనేకులకు సర్వేయరనగానే గిట్టదు. మేము అట్లు చెప్పము. ఆ వచ్చినాయన మర్యాదస్థుడు, పని తెలిసినవాడు. మా బట్టల గిడ్డంగి కూడ ఆ వీధిలోనే మునిగినది. దాని క్లెయిము ఆయన ఒక పూటలో చూచి ముగించెను. ఏలయన, సరకు పుస్తకము మేడ మీద భద్రముగ నుండెను. ఏ తాను ఎన్ని గజములు, ఎన్నడు వచ్చినది, ఏ ధరకు వచ్చినది అంతయు వ్రాసి యున్నది. తడిసిన బట్ట మూటలు మూటలుగా అట్లే ఉంచితిమి, ఒక్క తాను కూడ పారవేయలేదు. 16 లక్షల సరకునకు 12 లక్షలకే పాలసీ తీసికొనుట మా పిసినిగొట్టుతనము. అందుచే 4 లక్షల నష్టమునకు మూడువంతులే, అనగా 3 లక్షలే వచ్చినది. ఆ శిక్ష న్యాయమైనదే.

ఇంటిలోనికి రాగానే కథ మారెను. కార్డుల మాట ఎత్తగా ఆయన మూడు ప్రశ్నలు వేసెను. ఇవి ఎవరివి? ఇవి ఏమిటివి? ఇవి ఏవి? ఆ మూడు ప్రశ్నలలోనే ఈ శాస్త్రమంతయు ఉన్నదని మాకు తరువాత తెలిసినది.

ఎవరివి యను ప్రశ్న చిన్నది కాదు. ఒకరి యింట మరొకరు దాచిన సొత్తు, నమ్మకముపై ఉంచిన సరకు, పాలసీలో ప్రత్యేకముగ వ్రాసిననే తప్ప వర్తింపదు. తమ్ముడు బెంగుళూరులో నుండగా వాని వస్తువులు మా పాలసీలోనికి ఎట్లు వచ్చునని ఆయన సంశయము. మాది ఉమ్మడి కుటుంబమని నోటితో చెప్పినచో చాలదు. చివరకు మా రేషను కార్డు తెచ్చి చూపితిమి. దానిలో తమ్ముని పేరు కలదు. కార్యదర్శిగారు మొదట అనుకొన్న రేషను కార్డు మాకు ఆనాడు అట్లు పనికివచ్చెను.

ఏమిటివి యను రెండవ ప్రశ్నకే కంపెనీవారు అడ్డుపడిరి. ఆ రోజులలో అగ్ని బీమా పాలసీలలో ఒక మినహాయింపు వాక్యము ఉండెడిది. వ్రాతప్రతులు, పటములు, దస్తావేజులు, ఏ విధమైన పత్రములైనను, తపాలా బిళ్ళలు, నాణెములు, కాగితపు ధనము, చెక్కులు, లెక్కల పుస్తకములు - ఇవన్నియు ప్రత్యేకముగ వ్రాసికొననిదే చెల్లవు. అరుదైన వింతవస్తువులు, కళాఖండములు 10,000 రూపాయలకు మించి చెల్లవు. కంపెనీనుండి వచ్చిన మొదటి జాబులో మా కార్డులు పత్రముల క్రిందికి వచ్చునని, కావున ఏమియు ఇయ్యజాలమని ఉండెను.

మేము మెట్రిక్యులేషను వరకే చదివినవారము. అయినను ఆ వాక్యము పదిమారులు చదివి, ఇట్లు జవాబు వ్రాసితిమి. పత్రమనగా ఒక హక్కునో, ఒక బాకీనో, ఒక జరిగిన విషయమునో రుజువుచేయునది. మా కార్డును చూపి ఎవరివద్దను ఒక కాసు వసూలు చేయజాలము. ఇది తపాలా బిళ్ళ కాదు, అంటించిన జాబు పోదు. ఇది నాణెము కాదు, ఇచ్చిన ఉప్పు రాదు. ఇది కూడబెట్టువారు కొను వింతవస్తువు మాత్రమే. నెల దాటిన తరువాత మరొక జాబు వచ్చెను. వింతవస్తువని ఒప్పుకొనిరి, 10,000 రూపాయల పరిమితి చూపిరి, ఆ పదివేలు పంపిరి. ఆ పదునొకండు కార్డులకు తమ్ముడు చెల్లించిన ధరయే 90,000 రూపాయలకు పైబడి యుండెను.

ఇక ఏవి యను మూడవ ప్రశ్న. పలకలలోనివి చూపితిమి. ఆ పలకలు దుమ్మును ఆపునే గాని నీటిని ఆపవు. అంచులనుండి నీరు దిగి లోపలి కార్డు ఉబ్బి మచ్చలు పడియుండుట సర్వేయరు కన్నులార చూచెను. తక్కిన 1,400 ఏవి? లారీలో పోయినవి. ఫొటోలు? లేవు. జాబితా? తమ్ముని తలలో ఉన్నది. రసీదులు? కొన్ని ఉన్నవి గాని, ఏ రసీదు ఏ కార్డునకో చూపుటకు కార్డు లేదు. నష్టపోయిన వస్తువును సర్వేయరు చూచువరకు భద్రపరచుట పాలసీదారుని బాధ్యత. దానిని మేము గిడ్డంగిలో పాటించితిమి, ఇంటిలో మరచితిమి. బట్ట మా వ్యాపారము గనుక దానికి విలువ కలదని మాకు తెలియును. కార్డు తమ్ముని ముచ్చట గనుక చెత్త యనుకొంటిమి. ఇందు కంపెనీవారి తప్పు ఏమియు లేదు.

పారవేయకుండ ఉంచినచో ఆ కార్డులు బాగుపడెడివా యని తమ్ముని తరువాత అడిగితిమి. కొన్ని బాగుపడెడివేమో యనెను. ఈ కార్డు ఒకే అట్ట కాదు. రెండు మూడు పొరల కాగితము జిగురుతో అతికి, పైన నునుపు పూత వేసి చేసినది. నీరు చేరగా పొరలు విడిపోవును. నునుపు పూత మెత్తబడి ప్రక్కకార్డునకు అంటుకొనును, ఆ స్థితిలో ఆరినచో రాయివలె బిగియును. మెరుపురేకు వేసిన కార్డులలో కాగితము తేమ పీల్చును, రేకు పీల్చదు, అందుచే విల్లువలె వంగును. గ్రంథాలయములలో తడిసిన కాగితమును కాపాడువారు చెప్పునది యేమనగా - అంటుకొన్నవానిని బలవంతముగ విడదీయరాదు, ఎండలో పెట్టరాదు, 48 గంటలలోపల బూజు మొదలగును గనుక అంతకు ముందే శీతలపేటికలో గడ్డకట్టించి ఉంచి, తరువాత నిదానముగ ఒక్కొక్కటి విడదీసి అద్దుడు కాగితముల నడుమ ఆరబెట్టవలెను. ఐదు దినములు కరెంటు లేని వీధిలో శీతలపేటిక మాట ఎవరికి చెప్పుకొందుము? అయినను బంధువుల యింట, మరొక పేటలో కరెంటు ఉండెను. సంచిలో వేసి పంపియుండవచ్చును. ఆ ఆలోచన నేడు వచ్చుచున్నది.

ఇప్పుడు నియమములు మారినవి. 2021 ఏప్రిల్ 1వ తేదీనుండి ఇండ్లకు "భారత్ గృహ రక్షా" అను పాలసీని అన్ని సాధారణ బీమా కంపెనీలును ఒకే మాటలతో ఇయ్యవలెనని బీమా నియంత్రణ సంస్థవారు నిర్ణయించిరి. వరద, తుపాను, నీటి తొట్టెలు గొట్టములు పగిలి పొర్లుట - ఇవన్నియు దానిలో కలవు. కట్టడమునకు బీమా చేసినచో ఆ మొత్తములో నూటికి 20 వంతులు, 10 లక్షలకు మించకుండ, ఇంటి సామానునకు తనంతట వర్తించును. తక్కువ మొత్తమునకు బీమా చేసినందుకు మా గిడ్డంగికి పడినట్టి కోత దీనిలో లేదు. ఇంతవరకు సంతోషింపదగినదే.

కాని ఇంటి సామాను అనగా బల్లలు, బీరువాలు, వంటపాత్రలు, విద్యుత్ పరికరములు, బట్టలు మొదలగునవి. నగలు, వెండి సామాను, చిత్రపటములు, పురాతన వస్తువులు, వింతవస్తువులు - ఇవి విలువైన వస్తువులని వేరొక తరగతి. దానిని మనము కోరి, అదనపు ప్రీమియము చెల్లించి, విలువ ముందుగ ఒప్పుకొని చేర్చుకొనవలెను. కోరనిదే రాదు. మొత్తము 5 లక్షలలోపుగ, ఏ ఒక్క వస్తువును లక్ష దాటకుండ ఉన్నచో విలువ నిర్ణయించువాని సర్టిఫికెటు అక్కరలేదు. వ్రాతప్రతులు, పత్రములు, నాణెములు, కాగితపు ధనము ఈ పాలసీలో కూడ ప్రత్యేకముగ వ్రాసికొననిదే చెల్లవు. కార్డు అను మాట ఎచటను లేదు. కావున "సేకరించిన బొమ్మల కార్డులు, జాబితా ప్రకారము" అని పాలసీ షెడ్యూలులో అచ్చుపడునట్లు చూచుకొనవలెను. ఏజెంటు నోటిమాట "అన్నీ వస్తాయి సార్" అనునది షెడ్యూలు కాదు. కార్డు పూర్తిగ నశింపక మచ్చపడి విలువ తగ్గినచో ఏమి ఇత్తురో కూడ ముందే జాబు వ్రాసి అడిగి, జవాబు దాచుకొనుడు. ఈ వస్తువులకు నష్టము సాధారణముగ ఆ విధముననే వచ్చును.

పై కప్పు ఏండ్ల తరబడి చెమ్మగిల్లి పెట్టెలు పాడైనచో పాలసీ ఆదుకొనదు. హఠాత్తుగ వచ్చినదే నష్టము, మెల్లగ వచ్చినది మన అశ్రద్ధ. మరియు మన యువకులు కొందరు ఇప్పుడు కార్డులు కొని అమ్ముచున్నారు. వ్యాపారమునకు ఉంచినది ఇంటి సామాను కాదు, దుకాణపు సరకు. దానికి దుకాణపు పాలసీయే కావలెను.

తమ్ముడు 2017లో తిరిగి న్యూజెర్సీ చేరెను. మనలో అనేకుల పిల్లలు, మనుమలు ఆ ప్రాంతములనే ఉన్నారు గనుక అచ్చటి సంగతియు కొంత చెప్పెదము. అచ్చట మామూలు ఇంటి పాలసీలో వరద లేదు. వరదకు 1968లో చట్టముచే ఏర్పడిన జాతీయ వరద బీమా పథకము వేరుగ కలదు. ఇంటి సామానునకు లక్ష డాలర్ల వరకు తీసికొనవచ్చును. ఆ పాలసీలో ఆటగాండ్ర కార్డులని పేరుపెట్టియే వ్రాసియున్నారు. కాని పేరు ఉన్నదని మురియరాదు. కార్డులు, చిత్రములు, ఫొటోలు, అరుదైన గ్రంథములు, నగలు మొదలగు వర్గములన్నిటికి కలిపి 2,500 డాలర్లకు మించి ఇయ్యరు. తపాలా బిళ్ళలకు, నాణెములకు ఏమియు ఇయ్యరు. నేలమాళిగలోని సామానులో బట్టలుతుకు యంత్రము వంటి కొద్ది వస్తువులకు తప్ప తక్కినవానికి చెల్లదు. మన పిల్లలు పెట్టెలు దాచునది ఆ నేలమాళిగలోనే! 2021 సెప్టెంబరు 1వ తేదీ రాత్రి ఐడా తుపాను శేషము న్యూజెర్సీని ముంచినప్పుడు ఈ నియమము చాలామందికి తెలిసివచ్చినది. వరద వార్త విని పాలసీ కొందమన్నచో సామాన్యముగ 30 దినములు గడిచిననే గాని అమలులోనికి రాదు. నష్టము జరిగిన 60 దినములలోపల సంతకముచేసిన నష్టవివరము పంపవలెను. సేకరణలకు మాత్రమే ముందుగ ఒప్పుకొన్న విలువపై బీమా చేయు కంపెనీలు అచ్చట ప్రత్యేకముగ కలవు. తమ్ముడు ఈమారు దానిని తీసికొనెను. పెట్టెలు రెండవ అంతస్తున పెట్టెను. మంచము క్రింద కాదు.

మా యింటికి కార్డులు లేవుగదా యని మీరనుకొనవచ్చును. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానునకు ఊరు మరల మునిగిన తరువాత మావద్దకు సలహాకు వచ్చినవారెవ్వరును కార్డులు పోగొట్టుకొన్నవారు కారు. ఒకరిది తండ్రిగారి తపాలా బిళ్ళల ఆల్బము. మరొకరివి సినిమా పాటల పుస్తకములు, స్టిల్సు. ఒకనాడు తెలుగు చిత్రములు చాలావరకు ఈ ఊరి స్టూడియోలలోనే తయారైనందున, ఆ పరిశ్రమలో పనిచేసిన మనవారి యిండ్లలో అటువంటి కాగితములు ఎన్నియో కలవు. 1957 నాటి మాయాబజారు పాటల పుస్తకము ఎవరి పాతపెట్టెలోనైనను ఉండవచ్చును. దాని వెల నేడేమో ఎవరైనను చూచిరా? వీనిలో దేనికిని పాలసీలో పేరు లేదు. వచ్చినవారికి మేము చేయగలిగిన సాయము కొద్దియే.

పేరు వ్రాయించుకొనుట కష్టమేమియు కాదు. మేము ఇప్పుడు ఇంట చేయుచున్నది చెప్పెదము. సరకు పుస్తకమువంటిదే ఒక పుస్తకము పెట్టితిమి. వస్తువు పేరు, వేసిన సంవత్సరము, స్థితి, కొన్న తేదీ, ధర, నేటి ధర. కార్డైనచో ముందువెనుకలు, నాలుగు మూలలు కనబడునట్లు ఫొటో. కార్డు స్థితిని పరీక్షించి 1 మొదలు 10 వరకు అంకె వేయు సంస్థలు అమెరికాలో కలవు. 1991లో మొదలైన పి.ఎస్.ఏ వానిలో పేరుగాంచినది. 9కిని 10కిని నడుమ ధర కొన్ని రెట్లు మారును గనుక, అంకె వేసినచో పలకపైనున్న సంఖ్యను కూడ వ్రాయుదుము. నేటి ధర యనగా అమ్మువాడు అడుగు ధర కాదు, అదే కార్డు అదే స్థితిలో ఇటీవల వేలములో అమ్ముడుపోయిన ధర, తేదీతో సహా. ఏటేట దీపావళికి దుకాణపు లెక్కలు సరిచూచుకొనునప్పుడు దీనిని కూడ తిరగవ్రాయుదుము. ఒక ప్రతి ఇంట, ఒక ప్రతి తమ్మునివద్ద, ఫొటోలు మరియొక ఊరిలోని బంధువువద్ద. మునిగిన యింటిలోనే జాబితా కూడ ఉన్నచో దానితో ప్రయోజనమేమి?

నీరు వచ్చిన తరువాత మొట్టమొదట తడిసినదానిని కదపకముందే ఫొటో తీయుడు, గోడమీది నీటి గీత కూడ కనబడునట్లు. అదే దినమున కంపెనీకి తెలుపుడు. సర్వేయరు చూచి వ్రాతమూలముగ చెప్పువరకు ఏదియు లారీ ఎక్కింపకుడు. దుర్వాసన భరింపలేకపోయినచో మిద్దె మీద పరచి కప్పియుంచుడు. సర్వేయరుతో వాదింపకుడు, జాబితా చేతికిండు.

కంపెనీవారు కాదనినచో మొదట వారి ఫిర్యాదుల శాఖకే వ్రాయవలెను. నెల గడిచినను జవాబు రాకున్నను, వచ్చినది తృప్తికరముగ లేకున్నను బీమా అంబుడ్స్‌మన్‌వద్దకు పోవచ్చును. తుది తిరస్కారమునుండి ఏడాదిలోపల పోవలెను. రుసుము లేదు, వకీలు అక్కరలేదు, ఉంచుకొననీయరు కూడ. 50 లక్షల వరకు తీర్పు చెప్పు అధికారము 2023నుండి వారికి కలదు. మనకు చెన్నైలోనే కార్యాలయము కలదు. కర్ణాటకములోని మనవారికి బెంగుళూరు, ఒడిశావారికి భువనేశ్వరము, మహారాష్ట్రమువారికి వారి ప్రాంతమునుబట్టి కార్యాలయము మారును. యానాము పుదుచ్చేరి పాలనలోనిదైనను ఈ విషయమున హైదరాబాదు కార్యాలయము క్రిందికి వచ్చును. ఆ ఊరివారు పొరపాటున చెన్నైకి వ్రాసి కాలము పోగొట్టుకొనరాదు. 2015లో మేము ఈ దారి త్రొక్కలేదు. పదునొకండు కార్డులకొరకు ఇంకను పోరాడవలెనా యని తమ్ముడే వద్దనెను. వాని మనసు ఆ పదునొకండింటిలో లేదు. పోయిన 1,400లో తాను మొదటి నెల జీతముతో కొన్నది ఒకటి ఉండెనట. దాని ధర మూడు డాలర్లట. దానికి ఏ పాలసీయు లేదు, మేమును ఏమియు చెప్పలేకపోయితిమి.

వచ్చు ఆదివారము ఉదయము 10 గంటలకు ఈ భవనముననే కూర్చుందుము. ఎవరి యింటి పాలసీ వారు తెచ్చినచో షెడ్యూలులో ఏమున్నదో, ఏమి లేదో కలిసి చదువుదము. కంపెనీకి వ్రాయవలసిన జాబు నమూనా తెలుగులోను, ఇంగ్లీషులోను సిద్ధముచేసి ఉంచితిమి. పెద్దలు కళ్ళజోళ్ళు మరువకుడు, ఆ అక్షరములు మిక్కిలి చిన్నవి. పిల్లలను కూడ తీసికొనిరండు. తమవద్ద నున్నదేమో వారికే బాగుగ తెలియును.